వాచీ బాగానే ఉంది, వాయిదాలే ఇంకా ఉన్నాయి

ప్రశ్న: మా పెళ్లయి ఆరేళ్లు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఇంటి లోను, పాప స్కూలు ఫీజు పోగా చేతిలో మిగిలేది తక్కువే. అయినా పండుగకి ఒకరికొకరం ఏదో ఒకటి కొనుక్కోవడం మొదటి ఏడాది నుంచీ అలవాటు. అప్పట్లో చిన్నచిన్నవే కొనుక్కునేవాళ్లం. ఏటేటా పెరుగుతూ వచ్చాయి. పోయిన పండుగకి నేను ఆయనకో షర్టు కొన్నాను. ఆయన నాకు ఖరీదైన వాచీ తెచ్చారు, క్రెడిట్ కార్డు మీద, 12 వాయిదాల్లో. పెట్టె తెరవగానే ముందు సిగ్గేసింది, తర్వాత కోపం వచ్చింది. "ఎందుకింత?" అనేశాను. ఆయన మొహం ముడుచుకుని రెండు రోజులు మాట్లాడలేదు. వాయిదాలు ఇంకా కడుతూనే ఉన్నాం, మళ్లీ పండుగ రాబోతోంది. ఈసారి తక్కువ ఖర్చులో, మాదంటూ ఒక పద్ధతి పెట్టుకోవాలని ఉంది. ఆ మాట ఎలా ఎత్తాలి? "నేనామాత్రం కొనలేననా?" అని నొచ్చుకుంటారేమో. మీ జవాబు ఆయనకు చూపించవచ్చా?
పేరు రాయొద్దు

జవాబు: ముందు ఆ వాచీ సంగతి చెప్పండి. పెట్టుకుంటున్నారా? ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ ముక్క మాత్రం ఎక్కడా కనబడలేదు. ఒకవేళ పెట్టెతో సహా బీరువాలో దాచి ఉంటే ఇవాళే తీసి చేతికి పెట్టుకోండి. వాయిదాలు ఎలాగూ తప్పవు. డబ్బు కడుతూ వస్తువు వాడుకోకపోతే నష్టం రెండింతలు. పైగా కొని తెచ్చిన మనిషి రోజూ మీ చేతివైపు చూస్తూనే ఉంటారు. పెట్టుకోలేదేం అని అడగడానికి నామోషీ, అంతే.

"ఎందుకింత?" అని మీరన్నది బిల్లు గురించి. ఆయనకు అలా వినబడి ఉండదు. ఈ డయలా ఆ డయలా, పట్టీ తోలుదా స్టీలుదా, చేతికి వదులవుతుందా అని షాపులో అరగంట తచ్చాడి, చివరికి ఒకటి ఖాయం చేసుకుని తెచ్చిన మనిషికి ఆ మాట "నీకు కొనడం రాదు" అన్నట్టే తగులుతుంది. కాబట్టి ఖర్చు తగ్గించే మాట ఎత్తేముందు మీ వైపు నుంచి ఒక బాకీ ఉంది. "వాచీ చాలా బాగుంది. ఆ రోజు డబ్బు గుర్తొచ్చి కంగారుపడ్డాను" అని చెప్పేయండి. ఒక్క వాక్యం చాలు, సంజాయిషీలా సాగదీయొద్దు.

ఇక మీ సిగ్గు. షర్టు పక్కన వాచీ పెట్టి మీకు మీరే తూకం వేసుకున్నారు. ఆయన వేశారని నేననుకోను. 2009లో ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే విషయం తరచి చూశారు. ఖరీదు పెరిగేకొద్దీ అవతలివాళ్లు ఎక్కువ మురిసిపోతారని ఇచ్చేవాళ్లు అనుకుంటారు. పుచ్చుకున్నవాళ్లను అడిగితే వాళ్ల సంతోషానికీ ధరకూ లంకే కనబడలేదు. నిశ్చితార్థం ఉంగరాల దగ్గరా ఇదే తేడా వచ్చింది: ఉంగరం ఎంత ఖరీదైనదైతే ఆమె అంత సంతోషిస్తుందని మగవాళ్లు నమ్మారు, ఆడవాళ్ల జవాబుల్లో ఆ లెక్కే లేదు. తమాషా ఏమిటంటే ప్రతి మనిషీ ఇచ్చే వైపూ ఉంటాడు, పుచ్చుకునే వైపూ ఉంటాడు. అయినా ఇచ్చే వైపు నిలబడగానే పుచ్చుకున్నప్పటి అనుభవం మర్చిపోతాడు.

నేనూ అలాగే మర్చిపోయినదాన్నే. పెళ్లయిన కొత్తలో ఆఫీసులో ఒకావిడ దగ్గర చేబదులు తీసుకుని మరీ మా ఆయనకు తోలు బ్యాగు కొన్నాను. రెండు రోజులు ఆఫీసుకి పట్టుకెళ్లారు. మూడో రోజు నుంచి పాత గుడ్డ సంచే. "అంత మంచి బ్యాగు బస్సులో నలిగిపోతుంది" అన్నారు. ఆ బ్యాగు దుప్పటిముక్కలో చుట్టుకుని బీరువా పైన చాలా ఏళ్లు పడుకుంది. నేను చేబదులు తీర్చడానికి ఐదు నెలలు పట్టింది.

తర్వాత ఒక ఏడాది ఆయన ఉద్యోగం పోయింది. ఎనిమిది నెలలు నా జీతం మీదే ఇల్లు నడిచింది. ఆ పండుగకి "ఈసారి మనకి మనం ఏమీ ఇచ్చుకోవద్దులే" అనుకున్నాం. మంచి నిర్ణయమే అనిపించింది. తీరా ఆ సాయంత్రం టీవీ ముందు చెరో మూల కూర్చున్నాం. డబ్బు లేకపోవడం అంతకుముందూ ఉంది, ఆ వెలితి మాత్రం కొత్తది. అందుకే ఎవరైనా "ఈసారికి మానేద్దాం" అంటే నేను ఒప్పుకోను. మీరూ ఆ మాట అనొద్దు. తగ్గించండి, మానొద్దు.

మరుసటి ఏడాది నుంచి మా ఇంట్లో వచ్చిందే రేకు డబ్బా. కుట్టుదారాలు వేసుకునే పాత డబ్బా, అరచేతికి కాస్త పెద్దది. కానుక ఏదైనా ఆ డబ్బాలో పట్టాలి, మూత పడాలి. ఖర్చు మేమిద్దరం ఒకసారి సినిమాకి వెళ్తే అయ్యేదాన్ని దాటకూడదు. ఉన్న నియమాలు ఈ రెండే. మా ఆయనకు మళ్లీ ఉద్యోగం వచ్చింది, జీతాలు పెరిగాయి, డబ్బా మాత్రం పెరగలేదు. మీరు పెట్టుకోబోయే పద్ధతికి నేను చూసే కొలత ఇదొక్కటే: మీకు అన్నిటికంటే కటకటగా గడిచే ఏడాదిలో కూడా అది చేయగలిగేలా ఉండాలి. బాగున్న ఏడాదిని చూసి పెట్టుకున్న పద్ధతి మొదటి దెబ్బకే ఆగిపోతుంది. ఆగినప్పుడు మనసుకు కలిగే బాధ ఆ కానుక ఖరీదు కంటే పెద్దది.

డబ్బాలో ఏం పడుతుంది అంటారేమో. నాకు ఇంటి తాళంచెవి కోసం గుమ్మం ముందు బ్యాగంతా గుమ్మరించే అలవాటు. ఒక ఏడాది డబ్బా తెరిస్తే అందులో మారు తాళంచెవి, దానికి మూడు పేటల పసుపుదారం అల్లి ఉంది. దారం ఆయనే అల్లారు, ముడి వంకరగా వచ్చింది. చీకట్లో బ్యాగులో చెయ్యి పెడితే ముందు ఆ ముడే వేళ్లకు తగులుతుంది. ఇప్పటికీ అదే వాడుతున్నాను, దారం పసుపు కాస్తా మట్టిరంగుకు వచ్చింది. దానికి ఆయనకైన ఖర్చు చెబితే నవ్వుతారు. మరో ఏడాది నేను ఆయన చిన్నప్పటి స్కూలు గ్రూపు ఫొటో వాళ్ల అన్నయ్య దగ్గర అడిగి తెచ్చి, కాపీ తీయించి పెట్టాను. గంటసేపు ఒక్కొక్క తలకాయ మీద వేలు పెట్టి ఎవడెవడో చెప్పుకొచ్చారు. అందులో సగం కథలు నేను అదే మొదటిసారి వినడం.

ఇలాంటివి పండుగ ముందు రోజు కూర్చుని ఆలోచిస్తే తట్టవు. ఏడాది పొడుగునా చెవి ఒగ్గాలి. "ఈ కళ్లజోడు జారిపోతోంది", "నా గొడుగు ఒక ఊచ ఊడింది", "ఆ పాట ఎక్కడా దొరకట్లేదు" అని ఇంట్లో మనుషులు రోజూ ఏదో ఒకటి అనుకుంటూనే ఉంటారు. విన్న రోజే ఫోనులో రాసి పెట్టుకోండి. ఆయన పేరుతో కాకుండా ఇంకేదైనా పేరు పెట్టండి, ఫోను ఇద్దరూ తీస్తారు కదా. 1993లో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త క్రిస్మస్ కానుకలు అందుకున్న విద్యార్థులను "ఇవే మీరైతే ఎంత పెట్టి కొనుక్కునేవాళ్లు?" అని అడిగారు. కొన్న ధరలో పదో వంతు నుంచి మూడో వంతు దాకా గాల్లో కలిసిపోయినట్టు తేలింది. ఆ లెక్క మీద తర్వాత మిగతా ఆర్థికవేత్తలు బాగానే వాదులాడుకున్నారు. నాకు నచ్చింది అందులో ఇంకో ముక్క: దూరపు చుట్టాల కానుకల్లో వృథా ఎక్కువ, స్నేహితులు, ప్రేమించినవాళ్లు ఇచ్చినవాటిలో తక్కువ. దగ్గరివాళ్లకు ఏం కావాలో తెలుస్తుంది. ఆరేళ్ల కాపురంలో మీకు ఆయన గురించి తెలిసినంత ఏ షాపువాడికీ తెలియదు.

ఇప్పుడు మాట ఎత్తడం. పండుగకి వారం ముందు ఎత్తొద్దు. అప్పటికే ఆయన ఏదో చూసిపెట్టుకుని ఉండవచ్చు. కనీసం నెలన్నర, రెండు నెలల ముందు, కార్డు బిల్లు వచ్చిన రోజు కాకుండా మామూలు రోజు చూసుకోండి. ఇద్దరూ నడుస్తూనో, బట్టలు మడతపెడుతూనో ఉన్నప్పుడైతే మంచిది. ఎదురెదురుగా కూర్చుంటే అది విచారణలా ఉంటుంది. "నువ్వు ఎక్కువ ఖర్చు పెడుతున్నావు" అని మొదలుపెడితే గొడవ ఖాయం. "ఈసారి మనిద్దరం ఒక పందెం వేసుకుందామా? ఇంతకు మించి పెట్టకూడదు, ఎవరిది బాగుంటే వాళ్లు గెలిచినట్టు" అనండి. ఖర్చుతో ప్రేమ చూపించే మనిషికి ఖర్చు వద్దంటే చేతులు కట్టేసినట్టుంటుంది. ఆయన చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఎంత పెట్టాలో ఇద్దరూ కలిసి తేల్చుకోండి, ఏం కొంటారో మాత్రం ఎవరికి వారు రహస్యంగా ఉంచుకోండి. పెట్టె తెరిచేటప్పటి సరదా ఎక్కడికీ పోదు.

హద్దు ఎంత అన్నది మీ ఇష్టం. జీతాల్లో తేడా ఉంటే తక్కువ వచ్చేవాళ్ల జేబును బట్టి పెట్టుకోండి, ఇద్దరికీ ఒకటే హద్దు. అది కూడా ఆ నెల జీతంలోంచో, నెలనెలా పక్కన పెట్టిన దాంట్లోంచో రావాలి. కార్డు వాయిదాల సంగతి ఒకసారి కాగితం మీద వేసి చూడండి. నెలకు నూటికి మూడు వడ్డీ అనుకుంటే, వంద పెట్టి కొన్న వస్తువును 12 సమాన వాయిదాల్లో తీర్చేసరికి 120 దాటుతుంది. వడ్డీ లేదని రాసినచోట కూడా నగదుకిచ్చే తగ్గింపు పోవడమో, ప్రాసెసింగ్ ఫీజు పడడమో ఉంటుందేమో చూసుకోండి. ఈ లెక్క ఆయన ముందు పెట్టి వాచీని దెప్పడానికి వాడొద్దు సుమా. రాబోయే వాటికి మాత్రమే.

డబ్బా మాది. మీకు వేరేది కుదరవచ్చు. నన్నడిగితే అన్నిటికంటే చవకైనదీ, ఎక్కువ కాలం నిలిచేదీ ఉత్తరం. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేంటని నవ్వకండి. పండుగ రోజు ఒకరికొకరు ఒక పేజీ రాసుకుని, కవరులో పెట్టి తేదీ వేసి ఒకేచోట దాచుకోండి. ఏటా కొత్తది చదివే ముందు పాతది ఒకటి తీసి చదువుకోవాలి. రాయడం రాదని చాలామంది వెనక్కి తగ్గుతారు. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరిచేత తమకు మేలు చేసినవాళ్లకు కృతజ్ఞతగా ఉత్తరాలు రాయించారు. చదివేవాళ్లకు ఇబ్బందిగా ఉంటుందేమో, మాటలు సరిగ్గా కుదరలేదేమో అని రాసినవాళ్లు బెంగపడ్డారు. అందుకున్నవాళ్లకు ఇబ్బంది అనుకున్నదానికంటే తక్కువే, సంతోషం మాత్రం రాసినవాళ్ల అంచనా కంటే ఎక్కువ. కాబట్టి అక్షరదోషాలకు భయపడొద్దు. కాకపోతే "నువ్వు నా ప్రాణం, నా లోకం" అనే ధోరణిలో పేజీ నింపేస్తే రెండో ఏడాదికే విసుగొస్తుంది. ఆ ఏడాది జరిగినది ఒకటి పట్టుకోండి. "పాపకి జ్వరం వచ్చిన రాత్రి నన్ను లేపకుండా నువ్వే మూడుసార్లు తడిగుడ్డ మార్చావు, నేను కళ్లు మూసుకుని చూస్తూనే ఉన్నాను" అని రాస్తే అది ఇంకెవరికీ పనికిరాని ఉత్తరం అవుతుంది. మీకు కావాల్సింది అలాంటిదే.

వస్తువు బదులు ఒక పూట ఇచ్చుకోవడం కూడా మంచిదే. సిండీ చాన్, క్యాసీ మోగిల్నర్ 2017లో ప్రచురించిన పరిశోధనలో, వస్తువుల కంటే అనుభవాలు కానుకగా ఇచ్చినప్పుడు ఇద్దరి మధ్య దగ్గరితనం ఎక్కువ పెరిగినట్టు తేలింది. పాపను అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో వదిలి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఇద్దరే ఉండే పూట అన్నమాట. ఎక్కడికైనా వెళ్లాలని కూడా లేదు. చిన్న పిల్లలున్న ఇంట్లో ఎవరూ లేపకుండా తొమ్మిదింటి దాకా పడుకోనివ్వడం ఎంత పెద్ద కానుకో మీకు నేను చెప్పక్కర్లేదు.

"ఒకరోజు వంట నాది", "ఒక గంట కాళ్లు పడతాను" అని చీటీలు రాసి ఇచ్చుకునే పద్ధతి ఒకటుంది. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. ఆ చీటీలు డ్రాయరులోనే పసుపుపచ్చబడతాయి. అడిగి చేయించుకోవడం చాలామందికి మొహమాటం. ఇవ్వాలనుకుంటే తేదీ వేసి ఇవ్వండి: ఫలానా నెల రెండో ఆదివారం వంట ఆయనది. తేదీ ఉంటే జరుగుతుంది.

చేత్తో చేసి ఇవ్వడం మీకు సరదా ఉంటేనే పెట్టుకోండి. రంగులు, ఊలు, ఫ్రేములు, జిగురు కొనేసరికి కొన్న వస్తువు కంటే ఎక్కువైన ఇళ్లు చూశాను. బాగుచేసి ఇవ్వడం అంతకంటే నయం: ఊచ ఊడిన ఆ గొడుగు, పట్టీ తెగిన చెప్పు, మోగడం మానేసిన పాత రేడియో. ఏటా ఒకేచోట ఒకేలా నిలబడి ఫొటో దిగడం కూడా బాగుంటుంది, కాగితం మీద అచ్చు వేయించుకుంటేనే. ఫోనులో ఉన్న ఫొటో లేనట్టే.

మిక్సీ, కుక్కరు, ఇస్త్రీపెట్టె కానుకలు కావు. ఇంటికి కావాల్సినవి ఇంటి ఖర్చులో రాయాలి. ఈ విషయంలో నేను మొండిదాన్ని. పుచ్చుకునే మనిషి నోరు తెరిచి అదే కావాలని అడిగితే మాత్రం నా మొండితనం పక్కన పెట్టి కొనివ్వండి. అడిగింది ఇస్తే సరదా ఏముంది అనుకుంటారు గానీ, అడిగినా ఇవ్వకుండా వేరేది తెస్తే వచ్చే నిట్టూర్పు మీరు వినలేదు.

మీ చెల్లెలో, తోడికోడలో, ఆఫీసులో పక్క సీటావిడో "ఈసారి మీ ఆయన ఏమిచ్చారు?" అని తప్పకుండా అడుగుతారు. దానికి ఇప్పుడే జవాబు సిద్ధం చేసి పెట్టుకోండి. "అది మా ఇద్దరి మధ్య రహస్యం" అని నవ్వేస్తే చాలు, వాళ్లే ఏదో పెద్దదని ఊహించుకుంటారు. స్టేటస్‌లో పెట్టడానికి పనికొచ్చేలా కానుక ఉండాలనుకున్న రోజు మాత్రం మీ హద్దు నిలవదు. డబ్బాలోవి మేం ఎవరికీ చూపించం. చూపించినా ఎవరికీ అర్థం కావు కూడా.

అన్నీ అనుకున్నాక కూడా ఆయన మళ్లీ పెద్దది తెస్తే? ఆ రోజు పండుగ, థ్యాంక్స్ చెప్పి పుచ్చుకోండి. "ఎందుకింత?" ఈసారి వారం తర్వాత అడుగుదురు గాని. ఒకటి మాత్రం గమనించండి: వాచీ ఒక్కటేనా, లేక మీకు తెలియకుండా ఇంకా వాయిదాలు నడుస్తున్నాయా? అలాంటివి బయటపడితే ఈ జవాబు పక్కన పెట్టేయండి. అప్పుడు మాట్లాడుకోవాల్సింది కానుకల గురించి కాదు. లోనులు, కార్డు బిల్లులు అన్నీ ఒకచోట వేసుకుని ఇద్దరూ ఒక ఆదివారం కూర్చోవాలి. మీ ఉత్తరం చూస్తే అంతదాకా రాలేదనే అనిపిస్తోంది.

ఇది ఆయనకు చూపించవచ్చా అని అడిగారు. చూపించండి, కానీ వాచీ బాగుందన్న మాట మీరు చెప్పాకే. ముందు ఇది చదివితే, తర్వాత మీరు ఎంత మనసారా చెప్పినా నేను నేర్పిన పాఠంలా ఉంటుంది. ఒకవేళ డబ్బా ఆలోచన ఇద్దరికీ నచ్చితే, మూత బిగువుగా పడేది చూసుకోండి. మా దానిది వదులైపోయి రెండేళ్లుగా రబ్బరు బ్యాండు వేస్తున్నాం. ఈ పండుగకి ఆయన కొత్త రబ్బరు బ్యాండే కానుకగా పెడతారేమోనని నా అనుమానం.